వెర్డెల్ చెప్పిన మాట

"మీ చెత్తడబ్బా మూత ఒక్కటే ఎత్తి చూడలేదు గాని అబ్బాయ్, మిగతావన్నీ అడిగింది," అన్నాడు మిస్టర్ లిజానా, కంచె మీద మోచేతులు ఆనించి.

ఓడల యార్డులో పని ముగించుకుని వచ్చి అప్పుడే ట్రక్కు దిగిన రాయిస్ లాడ్నర్, ఒక చేత లంచ్ డబ్బా, మరో చేత తాళాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పక్కింటి ముసలాయన రొయ్యల పడవ అమ్మేసి చాలా ఏళ్లయినా, ఇంకా నీళ్ల మీద దూరాన దేన్నో వెతుకుతున్నట్టు కళ్లు చికిలించే మాట్లాడతాడు.

"ఎవరావిడ?"

"బూడిదరంగు కారు, మెడలో బ్యాడ్జి. పేరు హాప్ట్ అంది. గవర్నమెంటు తరఫున వచ్చిందట. యుద్ధనౌకలో నువ్వు చేసే రహస్యపు పనికి క్లియరెన్స్, అదే ఆ అనుమతి, మళ్లీ కొత్తగా ఇవ్వాలట గదా, అందుకని ఇరుగుపొరుగును అడుగుతారట."

"ఏమడిగింది?"

"నీ ఇంటికి పైదేశాల వాళ్లు వస్తారా, పెళ్లాన్ని కొడతావా, ఇలాంటివి. కొట్టడమంటూ ఉంటే రోండాయే కొడుతుంది తల్లీ అన్నాను." ముసలాయన తన మాటకు తానే నవ్వుకుని, నవ్వు సగంలో ఆపేశాడు. "తర్వాత, తాగుతాడా అంది. శుక్రవారం సాయంత్రం వరండాలో రెండు బీర్లు తెరుస్తాడు, అందులో ఒకటి నాకే ఇస్తాడు అన్నాను. అదీ రాసుకుంది. తాగి ఎప్పుడైనా పోలీసుల చేతిలో పడ్డాడా అంది. నాకు తెలిసి లేదన్నాను. లేదు గదా?"

"లేదు," అన్నాడు రాయిస్.

ఆ మాట అతని నోట ఎంత సులువుగా వచ్చిందంటే, ముసలాయన దాన్ని విన్నట్టు కూడా కనబడలేదు. అప్పటికే టమాటా మొక్కలకు పట్టిన తెగులు గురించి మొదలుపెట్టాడు.

లోపల రోండా పొయ్యి ముందు నిలబడి గంబో పులుసుకు పిండి వేయిస్తున్నది. నూనెలో పిండి రాగిరంగుకు వచ్చేదాకా గరిట ఆపడానికి వీల్లేదు. ఒక్క క్షణం ఆదమరిస్తే మాడి, కుండంతా పారబోయవలసి వస్తుంది. అందుకే ఆమె వెనక్కి తిరగకుండానే విన్నది.

"అది అందరినీ అడిగే ప్రశ్నే కావచ్చు."

"తాగుతాడా అన్నది అందరి గురించీ అడుగుతారు. పోలీసుల మాట ఎందుకెత్తుతుంది? ఎవరో చెప్పారు."

"ఎవరికి తెలుసు గనక చెప్పడానికి?"

"నీకు తెలుసు, నాకు తెలుసు." రాయిస్ లంచ్ డబ్బాను బల్ల మీద పెట్టి, దాని గొళ్లేన్ని తీసి, మళ్లీ పెట్టాడు. "మిస్ వెర్డెల్‌కి తెలుసు."

గరిట ఒక చుట్టు నెమ్మదించి, మళ్లీ తిరిగింది. "ఆ రాత్రి నేను హాటీస్‌బర్గ్‌లో మా చెల్లెలి పురిటి దగ్గరుంటే, తెల్లారి లాకప్ నుంచి నిన్ను ఇంటికి తెచ్చిందావిడ. ఇన్నాళ్లూ ఒక్కరితో అనని మనిషి ఇప్పుడెందుకు అంటుంది?"

"ఇన్నాళ్లూ యార్డులో మా ఇద్దరి మధ్యా ఫోర్‌మన్ పోస్టు లేదు."

"ఛీ, ఊరుకో."

"జడ్జి నీ ఎదురుగానే గదా అన్నాడు! తాగి బండి నడపకూడదనే క్లాసులకు పోయావు, జరిమానా కట్టావు, రికార్డు కొట్టేశాను, ఇక ఎవరడిగినా ఇది జరగనట్టే అన్నాడు. నేను పుట్టించిన మాట కాదుగా."

"ఆయన కౌంటీ జడ్జి, రాయిస్. ఆ ఓడ ఆయనది కాదు, వాషింగ్టన్‌ది." రోండా ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకున్నది. "కొట్టేసిన కేసైనా సరే రాయాలని క్లియరెన్స్ ఫారంలో ఆ ప్రశ్న కిందే ఉంది. నీకు వేలు పెట్టి చూపించాను. నువ్వు జడ్జినే నమ్ముతానన్నావు. నీకు నచ్చిన మాటన్నాడు గనక నమ్మావు."

పిండి రంగు తిరిగి, ఇల్లంతా వేరుశనగలు వేయించిన వాసన అలుముకున్నది. రోండా తరిగిన ఉల్లిపాయలన్నీ ఒక్కసారిగా అందులో గుమ్మరించింది, కుండ బుస్సుమన్నది. "రేపు మధ్యాహ్నం ఆ హాప్ట్ నిన్ను కూర్చోబెడుతుందట," అన్నది ఆ చప్పుడులోనే. "ఇందాక మీ భద్రతాధికారి టేట్ ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. పోయి ఉన్నదున్నట్టు చెప్పు."

*

శుక్రవారం ఉదయం ఓడ లోపల ఎప్పటిలాగే ఉక్కపోత. రాడార్ల గదికి అంకెల తాళం ఉంటుంది. క్లియరెన్స్ ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే తప్ప ఆ తలుపు తెరవరు, ఒక్కరిని ఎన్నడూ లోపల విడిచిపెట్టరు. నీళ్లు తాగడానికి ఒకరు బయటికి పోతే, రెండోవారు కూడా పోవలసిందే. ఈ నియమం పుణ్యమా అని రాయిస్ తన భార్యతో కన్నా వెర్డెల్ నెకేజ్‌తోనే ఎక్కువ కాలం గడిపాడని యార్డులో వేళాకోళం చేసేవారు. వెర్డెల్ అతనికన్నా పెద్దది. భర్తను పోగొట్టుకున్న మనిషి. మొరటైన పొట్టి వేళ్లు, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు. రాయిస్‌కు తీగ మీది తొడుగు వలవడం నేర్పింది ఆమే.

ఆ రోజు పని తీగలు సరిచూడడం. గదికి ఆ మూల పరికరాల బీరువాలో తీగల ఒక చివర, ఈ మూల నేల పలకల కింద మరో చివర, ఒకరికొకరు కనబడరు. హెడ్‌సెట్లు తగిలించుకుని, ఇతడు నేల మీద బోర్లా పడుకుని ఒక్కొక్క తీగకూ మీటరు ముల్లు ఆనిస్తుంటే, అవతల ఆమె అదే తీగను అందుకోవాలి. మీటరు కూస్తే తీగ బాగున్నట్టు.

"నీలం, తెల్ల చార," అన్నాడు రాయిస్.

"ఉంది."

"నీలం, నల్ల చార."

"ఉంది."

మామూలు రోజుల్లో ఆ రెండు మాటల మధ్య ఆమె చర్చి పాటలు కూనిరాగం తీసేది. అతని బూట్ల వాసన హెడ్‌సెట్లోంచి కూడా వస్తున్నదనేది. తన కోడలు వండే చేపల పులుసును శాపనార్థాలు పెట్టేది. ఈ రోజు "ఉంది" తప్ప మరేమీ లేదు. రాయిస్ ఆ మౌనాన్ని చెవికి హత్తుకుని విన్నాడు. తప్పు చేసిన మనిషి మౌనం ఇలాగే ఉంటుందనిపించింది. అనిపించిన కొద్దీ అది మరింత అలాగే వినబడింది.

"మిస్ వెర్డెల్."

"ఊఁ."

"ఆ హాప్ట్ మేడమ్ నిన్ను కలిసిందా?"

"కలిసినా కలవకపోయినా నువ్వడగకూడదు, నేను చెప్పకూడదు. ఆ సంగతి నీకు తెలుసు. తర్వాతి తీగ చెప్పు."

"మామూలుగా అడిగానంతే."

"మామూలుగా అడిగే గొంతు కాదది. తీగ చెప్పరా అబ్బాయ్, నా మోకాళ్లు పోతున్నాయి."

భోజనం వేళ అందరూ రేకుల షెడ్డు కింద చేరారు. వెర్డెల్ రాలేదు. షెడ్డు అంచున నిలబడి కోక్ తాగుతున్న రాయిస్‌కు, ఎదుటి భవనంలోని భద్రతాధికారి పర్విస్ టేట్ గది తలుపు తెరుచుకోవడం కనిపించింది. బయటికి వచ్చింది వెర్డెల్. మెట్ల మీద ఆగి, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, తుడిచినదాన్ని పెట్టుకోకుండానే దిగి తన కారు వైపు నడిచింది. తలుపు వేసుకుని, ఇంజను నడిపిస్తూ, ఏసీ ముందు ఒంటరిగా కూర్చుని శాండ్‌విచ్ విప్పింది. కాని తినలేదు, విప్పినదాన్ని మళ్లీ చుట్టి పక్కన పెట్టింది.

ఫోర్‌మన్ పోస్టుకు పరిశీలనలో ఉన్నవి రెండే పేర్లు, తనదీ వెర్డెల్‌దీ. టేట్ మంచి మాట చెప్పిన పేరు పైకి పోతుంది. అంతకన్నా సాక్ష్యమేం కావాలి? ఆ ఉదయం లాకప్ బయట తన కారు తలుపు తెరిచి పట్టుకుని "ఎక్కు, ఒక్క మాట మాట్లాడకు" అన్న ముఖాన్ని రాయిస్ గుర్తుచేసుకున్నాడు. ఇన్నాళ్లూ దాన్ని దయ అనుకున్నాడు. ఇప్పుడది, ముందుముందు పనికొస్తుందని ఒక వస్తువును దాచిపెట్టుకునే మనిషి ముఖంలా కనబడింది.

*

హాప్ట్ మేడమ్ పొట్టిగా, నెరసిన జుట్టుతో, దగ్గు బిళ్లలు చప్పరిస్తూ, సండే స్కూలు టీచరులా ఉన్నది. కిటికీ లేని గదిలో బల్ల మీద నీళ్ల సీసా అతని వైపు జరిపి, చేయెత్తించి ప్రమాణం చేయించింది. ఎక్కడెక్కడ కాపురమున్నారు, ఎవరెవరు బంధువులు, ఏ ఊళ్లు తిరిగారు: ఒక్కొక్క ప్రశ్నా అన్నం వడ్డిస్తున్నంత తాపీగా అడిగింది. రాయిస్ "యెస్ మేడమ్, నో మేడమ్" అంటూనే ఆమె చేతులను గమనిస్తున్నాడు. ఆమె వేళ్ల కింద మూసిన ఫైలు అట్ట ఒకటి ఉన్నది. ఒక్కసారి కూడా దాన్ని తెరవలేదు.

"ఇప్పుడు మద్యం సంగతి," అన్నది ఆమె. "తాగినందువల్ల పోలీసులతో గాని, కోర్టుతో గాని ఎప్పుడైనా వ్యవహారం వచ్చిందా? అరెస్టు, కేసు, కొట్టేసిన కేసు, ఏదైనా సరే."

అని, కలానికి మూత పెట్టి ఊరుకున్నది.

ఆ మూత పెట్టడమే రాయిస్‌ను రెచ్చగొట్టింది. ఈమెకు తెలుసు, వెర్డెల్ చెప్పింది. తాను "లేదు" అంటే చాలు, ఆ అట్ట తెరుచుకుంటుంది, అందులోంచి వెర్డెల్ మాటలు బయటికి వస్తాయి, ఆవిడ నిజాయితీపరురాలూ తాను దొంగా అవుతారు. ఆ సుఖం ఆవిడకు ఎందుకివ్వాలి?

"వచ్చింది మేడమ్," అన్నాడు. "ఫారంలో లేదని రాశాను. అది అబద్ధం."

ఆమె మూత తీసింది.

అతడు చెప్పుకుపోయాడు. మార్డి గ్రా పండుగ ఊరేగింపు రాత్రి, మెడలో పూసల దండలతోనే ట్రక్కెక్కడం, పక్క కౌంటీ వంతెన దిగగానే వెనక పోలీసు కారు నీలి దీపాలు, గొట్టంలో ఊదించడం, తెల్లారేదాకా లాకప్, ఆ తర్వాత జడ్జి అన్న మాట. జడ్జిని అడ్డం పెట్టుకోబోయి, రోండా గరిట గుర్తొచ్చి, అక్కడ కొంచెం తగ్గాడు. "కొట్టేసినా రాయాలని చదివాను మేడమ్. చదివే రాయలేదు. రాస్తే బ్యాడ్జి పోతుందని భయపడ్డాను."

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"నా భార్యకి. ఇంకా మిస్ వెర్డెల్ నెకేజ్‌కి, నాతో పనిచేసే ఆవిడ. పొద్దున్నే లాకప్‌కొచ్చి నన్ను తీసుకెళ్లింది ఆవిడే. ఆ సంగతంతా ఆవిడ మీకు ముందే చెప్పుంటుందిలెండి."

కలం ఆగింది.

హాప్ట్ తలెత్తలేదు. రాసుకునే పుస్తకంలో వెనక్కి కొన్ని పుటలు తిప్పి, ఒకచోట వేలుంచి చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. "లాకప్‌కి వచ్చింది ఆవిడేనా? మీకు బాగా గుర్తుందా?"

"గుర్తులేకేం? ఆవిడ కారులోనే వచ్చాను. దారిలో ఆపి సాసేజ్ పెట్టిన బిస్కెట్ రొట్టె కూడా కొనిపెట్టింది. తినలేకపోతే తిట్టింది." మాట పదునెక్కుతున్న కొద్దీ రాయిస్‌కు ఏదో తీరుతున్నట్టున్నది. "లోపలికొచ్చి సంతకం పెట్టింది కూడా ఆవిడే. అడగండి, కాదంటుందేమో."

ఆమె ఆ మాటలన్నిటినీ ఒక్కటి విడవకుండా రాసుకున్నది. తర్వాత అట్ట తెరిచి, అందులోని ఒకే ఒక కాగితాన్ని అతని వైపు తిప్పింది. అతని పేరు, అరెస్టు తేదీ, ఆ కౌంటీ పేరు.

"మీ వేలిముద్రలు తీసుకున్నారు కదా, మిస్టర్ లాడ్నర్. జడ్జి కొట్టేసింది ఆయన కోర్టు రికార్డు వరకే. ముద్రలు వాషింగ్టన్ దాకా వచ్చేశాయి. మీరు లేదని చెప్పి ఉంటే దీన్ని మీ ముందు పెట్టి మళ్లీ అడిగేదాన్ని. మీ అంతట మీరే ముందు చెప్పారని రాస్తాను. ఇన్నాళ్లు దాచారనీ రాస్తాను. ఒక్కసారి తాగి బండి నడిపిన మనుషుల్ని నేను చాలామందిని చూశాను, వాళ్లలో ఎక్కువమంది ఇంకా పనిలోనే ఉన్నారు. అబద్ధం చెప్పినవాళ్ల సంగతే వేరు. తేల్చేది నేను కాదు."

రాయిస్ ఆ కాగితాన్నే చూస్తున్నాడు. "అయితే మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"మిస్ వెర్డెల్..."

"ఇతరులు చెప్పినవీ చెప్పనివీ మీతో మాట్లాడను." ఆమె గొంతు కరుకుగా లేదు. "ఇక్కడి మాట ఇక్కడే ఉండాలి. ముఖ్యంగా మీతో పనిచేసేవాళ్లతో. ఇదిగో నా కార్డు. ఏదైనా గుర్తొస్తే ఫోన్ చేయండి."

ఎండలోకి వచ్చి ట్రక్కులో కూర్చున్న తర్వాత గాని అతడు ఆలోచించలేకపోయాడు. తన మీద ఎవరూ చెప్పలేదు. అంటే ఆ వేలు ఆగిన పుటలో వెర్డెల్ చెప్పింది మరేదో ఉన్నది. అదేమిటో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. అయినా అతడు ఊహించకుండా ఉండడానికి చాలాసేపు ప్రయత్నించాడు. స్టీరింగు చేతులు కాల్చేంత వేడెక్కి ఉన్నా వదలలేదు.

*

శనివారం ఉదయం వెర్డెల్ తన ఇంటి వెనక, కాలువ ఒడ్డున, పీతల బోనుకు పట్టిన నాచును ఉక్కుబ్రష్షుతో రుద్దుతున్నది. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇంటి నీడ ఆమె వీపు దాకా వచ్చి ఆగింది. రాయిస్‌ను చూసి బ్రష్షు ఆపలేదు.

"రోండా పంపిందా, నీ అంతట నువ్వే వచ్చావా?"

"నేనే వచ్చాను." అతడు కూర్చోలేదు. "నిన్నొకటి అడగాలి మిస్ వెర్డెల్. అడగకూడదని తెలుసు. అయినా అడుగుతాను. ఆవిడ నా తాగుడు గురించి అడిగితే నువ్వేం చెప్పావు?"

"దానికింత దూరం వచ్చావా?" ఆమె బోనును తిప్పి రెండోవైపు మొదలుపెట్టింది. "లేదన్నాను. ఆ మనిషి పోలీసుల చేతిలో పడగా నేను చూడలేదు, వినలేదు అన్నాను. ముఖంలో ముఖం పెట్టి మరీ అన్నాను. ఇప్పుడు తృప్తా?"

"నేను నిన్ను అలా చెప్పమనలేదు."

"అనలేదు. నువ్వు లేదని రాసుంటావని నాకు తెలుసు. నీ ముఖం నాకు తెలియదా? నువ్వు లేదని రాసి, నేను ఉందని అంటే నీ గతేం కాను?" బ్రష్షు కాసేపు గరగరలాడింది. "బుధవారం నుంచి అన్నం సయించడం లేదు. అబద్ధమాడి ఆ గదిలో నీతో కూర్చోవడం... నిన్న టేట్ దగ్గరికి పోయాను, చెప్పేద్దామని. ఆయన ఫోన్లో ఎవడితోనో చేపల వేట గురించి నవ్వుతూ నన్ను కూర్చోమన్నాడు. కూర్చున్నాను. నోటిదాకా వచ్చింది. లేచి వచ్చేశాను. చెబితే నువ్వు పోతావు గదా."

కాలువలో ఒక చేప ఎగిరి పడింది. రాయిస్ ఇప్పుడేమీ చెప్పకుండా వెళ్లిపోవచ్చు. సోమవారమో మంగళవారమో హాప్ట్ మళ్లీ వచ్చి, వెర్డెల్‌ను ఆ కిటికీ లేని గదిలో కూర్చోబెట్టి, కలానికి మూత పెట్టి ఊరుకుంటుంది. ఎవరివల్ల వచ్చిందో వెర్డెల్‌కు ఎవరూ చెప్పరు, చెప్పడానికి వీల్లేదు.

"నేను చెప్పేశాను," అన్నాడు.

"ఏం చెప్పేశావు?"

"అంతా. నిన్న. ఆవిడకి ముందే తెలుసు, వేలిముద్రల వల్ల. అది నాకు తెలియదు. నువ్వు చెప్పావనుకున్నాను. పోస్టు కోసం చెప్పావనుకుని... లాకప్ నుంచి నన్ను తీసుకొచ్చింది నువ్వేనన్నాను. సంతకం పెట్టావన్నాను. అడగండి, కాదంటుందేమో అన్నాను."

వెర్డెల్ బ్రష్షును బోను మీద పెట్టింది. చేతికంటిన నాచును ప్యాంటుకు తుడుచుకున్నది, ఒక్కొక్క వేలే, తొందర లేకుండా.

"నేను కొనిపెట్టిన బిస్కెట్ సంగతి కూడా చెప్పావా?"

"చెప్పాను."

"నాకు తెలుసు. మొదలుపెడితే ఆపలేవు." ఆమె నవ్వబోయింది గాని ముఖం సహకరించలేదు. "నేను నీమీద చెబుతానని ఎట్లా అనుకున్నావురా? ఒకే గదిలో ఇన్నేళ్లు..." మాట పూర్తిచేయక, ఇంటి వైపు చూసింది. "ఆ బ్యాడ్జి పోతే ఆ యార్డులో నన్ను పెయింటు గోకడానికి కూడా పెట్టుకోరు. ఈ వయసులో ఎవడు పెట్టుకుంటాడు?"

"వాళ్లు అడక్క ముందే నువ్వే ఫోన్ చేసి దిద్దుకుంటే ఒక దారి ఉంటుందట. నేను చెప్పినందుకు ఆవిడ అలాగే అంది. ఇదిగో ఆవిడ కార్డు."

ఆమె కార్డు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "ఎందుకు ఇప్పుడు ఫోన్ చేశావు, ఎవరైనా చెప్పారా అని అడుగుతుంది. అప్పుడేమనాలి? ఒంటరిగా కూర్చుంటే బుద్ధొచ్చింది అననా?"

అది రాయిస్‌కు కావలసిన మాటే. ఎవరితోనూ మాట్లాడవద్దని హాప్ట్ హెచ్చరించి ఇంకా ఒక రోజు కూడా కాలేదు. దాచాడన్న మాట పక్కనే, హెచ్చరిక దాటి సాక్షి దగ్గరికి పోయాడన్న మాట కూడా చేరితే, ముందుగా చెప్పాడన్న ఆ ఒక్క మంచి మాటకు ఏ విలువా మిగలదు. వెర్డెల్ అతని ముఖాన్నే చూస్తున్నది. అడిగితే మళ్లీ అబద్ధమాడుతుంది. ఆ సంగతి ఆ చూపులోనే ఉన్నది.

"నేనొచ్చి చెప్పానని అను," అన్నాడు.

"ఆలోచించే అంటున్నావా?"

"అను మిస్ వెర్డెల్. ఉన్నదున్నట్టు."

ఆమె ఫోన్ తీసి, అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ నొక్కింది. శనివారం గనుక అవతల మాటలు రికార్డు చేసుకునే యంత్రమే పలికింది. వెర్డెల్ వెన్ను నిటారుగా చేసుకుని, పేరు చెప్పి, పేరులోని అక్షరాలు విడివిడిగా చెప్పి, బుధవారం నేను చెప్పింది అబద్ధమని మొదలుపెట్టింది. తన భర్త పోయిన ఏడాది రాయిస్ తన ఇంటి కప్పు వేసిపెట్టిన సంగతి దాకా వచ్చేసరికి కీచుమని శబ్దమై ఫోన్ ఆగిపోయింది. మళ్లీ నొక్కి, మళ్లీ మొదటినుంచి చెప్పింది; ఈసారి ఇంటి కప్పు లేదు, అక్షరాలు లేవు, గొంతులో వణుకూ లేదు. "వాడు ఇప్పుడే వచ్చి చెప్పాడు, అందుకే ఫోన్ చేస్తున్నాను. రావద్దని మీరు చెప్పారట. అయినా వచ్చాడు," అన్నది. మరి మాట తోచక, నాచు అంటిన చేతితోనే ఫోన్‌ను రాయిస్ ముందు చాపింది.

"మిగతాది నాకు తెలియదు. నువ్వు చెప్పు."

అతడు అందుకున్నాడు. ఆ యంత్రం ఇంకా ఎంతసేపు వింటుందో తెలియదు గనుక, పేరు చెప్పిన వెంటనే, చివర చెబుదామనుకున్నదాన్నే ముందు చెప్పాడు: "ఆవిడ అబద్ధమాడింది నన్ను కాపాడడానికే మేడమ్, తప్పంతా నాది."